రెండో రేక

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆ సాంచాలు బాగుచేసే మహిపాల్‌కు అబద్ధాలాడే అలవాటు లేదు. ఇందులో అతని గొప్పతనమేమీ లేదు, ఆ పనిలో అబద్ధం చెల్లదు, అంతే. షెడ్డులో నలభై సాంచాలు ఒక్కసారి కొడుతుంటే పక్కవాడు చెవిలో నోరుపెట్టి అరిచినా వినబడదు. మహిపాల్ ఆ మోతలోకి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, తల కాస్త పక్కకు వంచి, మూడో వరుసలో ఏడో సాంచా వైపు వేలు చూపిస్తాడు. దాని దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతున్నదని అతని చెవికి తెలిసిపోతుంది. విప్పి చూస్తే అక్కడే ఏదో పట్టీ తెగడానికి సిద్ధంగా ఉంటుంది. షెడ్డులవాళ్ళు అతన్ని డాక్టరని పిలుస్తారు. బాగోలేనిదాన్ని బాగుందని డాక్టరు అంటే సాంచా ఊరుకోదు, సాయంత్రానికల్లా బట్ట పాడుచేసి పరువు తీస్తుంది.

అలాంటి మనిషి నలభై ఐదేళ్ళు వచ్చాక ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బాగోలేనిదాన్ని బాగుందన్నాడు. అదీ తాను దేవుడిలా చూసుకునే మనిషి దగ్గర. మొహమాటానికి పోతే ఏమైందో మనవాళ్ళకు ఒక సామెత ఉంది, నలుగురిలో పూర్తిగా చెప్పలేం కాని, మహిపాల్‌కు అంతకంటే ఎక్కువే అయింది.

ఆ దేవుడి పేరు హన్మండ్లు. ఊరు కోరుట్ల. తండ్రి గంగయ్య గౌడ్ తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. కొడుకు కింద నిలబడి పొలాల అవతల ఉన్న గిరాకీని కేకేసి పిలవాలి, అది వాడి పని. ఆ కేకకు ఒర్రె వాగుకు అవతల మేస్తున్న గొర్లు తలెత్తి చూసేవట. పదో తరగతి గట్టెక్కాక ఐటీఐ చదవడానికి హైదరాబాదు పంపించారు. అక్కడ అతను అద్దెకున్న గది మీద గదిలో నలుగురు కుర్రాళ్ళు పొద్దస్తమానం గిటార్లు మోగించేవాళ్ళు. హెవీ మెటల్ అనేవాళ్ళు. వాయించడం వచ్చింది కాని, ఆ మోతను దాటి పాడే గొంతు నలుగురిలో ఒక్కడికీ లేదు. ఒకరోజు నీళ్ళ ట్యాంకు నిండి పొర్లుతుంటే హన్మండ్లు మెట్ల మీద నిలబడి, "ఎవడ్రా పైన, మోటరు బందు చేయుండ్రి!" అని ఒక్క కేక పెట్టాడు. పైన గిటార్లు ఆగిపోయాయి. మోటరు కట్టేసి, నలుగురూ కిందికి దిగివచ్చి, మాతో పాడతావా అని అడిగారు.

వాళ్ళ బ్యాండు పేరు పిడుగు. 1999లో ఒకే ఒక్క క్యాసెట్టు తెచ్చారు, 'మంటల బండి'. తెలుగులో హెవీ మెటల్ అంటే పాత ఇనుప సామాను దుకాణమా అని అడిగే రోజులు. వేసినవే వెయ్యి, అందులో సగం డ్రమ్ములవాడి మంచం కిందే ఉండిపోయాయి. మొదటి పాట చివర హన్మండ్లు ఒక కేక పెడతాడు. పదకొండు సెకన్లు, ఎక్కడా ఊపిరి తీయడు, ఎక్కడా తగ్గడు. ఆ తర్వాత రెండేళ్ళకే ఒకడికి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, ఒకడికి పెళ్ళయింది, డ్రమ్ములవాడికి నడుం పట్టేసింది. పిడుగు చప్పుడు లేకుండా చల్లారిపోయింది. హన్మండ్లు కోరుట్లకు తిరిగొచ్చి సాయవ్వను పెళ్ళాడి, ఒక మైకు సెట్టూ ఒక ఆటో కొనుక్కున్నాడు.

ఆ క్యాసెట్టు సిరిసిల్లకు ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. నూలు లోడు తెచ్చిన లారీ డ్రైవరు షెడ్డులో మరిచిపోయాడంటారు. అప్పుడు మహిపాల్‌కు పంతొమ్మిదేళ్ళు. ముస్తాబాద్ పక్కన వాళ్ళకున్న రెండెకరాల్లో బోరు ఎండిపోతే సాంచాల పనికి వచ్చాడు. ఆ మోత అతనికి పడలేదు. తల పగిలిపోయేది, అన్నం తింటుంటే కూడా చెవుల్లో సాంచాలు కొడుతూనే ఉండేవి. ఇక పారిపోదామని బట్టలు సంచిలో సర్దుకున్న రోజు, ఎవరో టేపు రికార్డరులో ఆ క్యాసెట్టు వేశారు. సినిమా పాట వేస్తే ఆ షెడ్డులో ఈగ మూలిగినట్టు ఉంటుంది. కాని ఆ కేక మాత్రం నలభై సాంచాల మీదుగా, స్పష్టంగా, నిటారుగా వచ్చి అతన్ని తాకింది. ఈ మోత కంటే గట్టివాడు ఒకడున్నాడని మహిపాల్‌కు ధైర్యం వచ్చింది. సంచి విప్పి బట్టలు మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. అతను ఆ పనిలో నిలబడ్డాడంటే, ఇల్లు కట్టుకున్నాడంటే, పిల్లల్ని చదివించుకున్నాడంటే, ఆ పదకొండు సెకన్ల పుణ్యమేనని ఇప్పటికీ నమ్ముతాడు.

ఏడేళ్ళ తర్వాత ఏదో చుట్టాల పెళ్ళికి కోరుట్ల వెళ్ళాడు. బస్టాండు ముందు నుంచి ఒక మైకు ఆటో బట్టల దుకాణం ఆషాఢం డిస్కౌంట్ల గురించి చెప్పుకుంటూ పోతున్నది. మహిపాల్ చేతిలో పళ్ళసంచి అలాగే ఉంది, ఆటో వెంట పరుగెత్తాడు. అడ్డం పడి ఆపి, "అన్నా, నువ్వు మంటల బండి హన్మండ్లన్నవేనా?" అని అడిగాడు. హన్మండ్లు బిత్తరపోయి మైకు ఆపడం మరిచిపోయాడు. కాబట్టి వాళ్ళ మొదటి మాటలు కోరుట్ల బస్టాండు మొత్తం విన్నది. పెళ్ళి పక్కకు పోయింది. ఆ రోజంతా మహిపాల్ హన్మండ్లు ఇంట్లోనే ఉన్నాడు.

మూడో మనిషి కళావతి. జగిత్యాల డిపోలో కండక్టరు. ఒకసారి కోరుట్ల నుంచి జగిత్యాలకు పోయే ఆమె బస్సులో వీళ్ళిద్దరూ ఆ క్యాసెట్టు గురించి వాదించుకుంటున్నారు. ఆమె టికెట్టు మిషను చంకన పెట్టుకుని, "మొదటి పాట గాదన్నా, రెండో దిక్కు ఆఖరు పాట అసలు పాట. మా అన్న దగ్గర ఆ క్యాసెట్టు ఉండె, రీలు అరిగేదాక విన్న," అన్నది. వెనక నుంచి ఎవరో టికెట్టు కోసం మొత్తుకుంటున్నా ఆమెకు పట్టలేదు. కళావతి నోట్లో మాట దాగదు. చిల్లర లేనివాడికీ, తాగి బస్సెక్కినవాడికీ, డిపో మేనేజరుకూ ఒకటే గొంతుతో ఉన్నమాట చెబుతుంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు, అందుకే ఆమెకు స్నేహితులు తక్కువ.

ఫోన్లు వచ్చాక మహిపాల్ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు, 'పిడుగు దండు' అని. దండులో మొత్తం పదకొండు మంది. మెట్‌పల్లి నుంచి మస్కట్ పోయినవాడొకడు, మల్లాపూర్‌లో ఎరువుల దుకాణం ఆయన ఒకడు, మిగతావాళ్ళు ఎక్కడెక్కడివాళ్ళో. రోజూ అదే పాట, "అన్నా, ఇంకో క్యాసెట్టు ఎప్పుడు?" అందరికంటే ఎక్కువ పోరు పెట్టింది మహిపాలే. హన్మండ్లుకు యాభై దాటాయి, షుగరుంది, ఇరవై ఏళ్ళకు పైగా మైకు ముందు అరిచి అరిచి గొంతు రాపిడి పట్టింది. ఆ సంగతి గ్రూపులో ఎవరైనా అంటే మహిపాల్ వాళ్ళ మీద పడేవాడు. "గొంతు పోవుడేంది? పులి ముసలిదైతే గడ్డి తింటదా?" అని రాసేవాడు. కళావతి ఒక్కతే, "పులి గట్టిగ ఒర్రకున్నా పులే. అన్నకు ఎట్ల పాడబుద్ధయితే గట్ల పాడనియ్యుండ్రి," అని రాసేది. ఆ మాటకు గ్రూపులో ఒక్క చప్పట్ల బొమ్మ కూడా పడలేదు.

చివరికి ఆయన పాడాడు. కిందటి ఏడాది మాఘమాసంలో కరీంనగర్‌లోని ఒక చిన్న స్టూడియోకు వారానికి రెండుసార్లు వెళ్ళి ఏడు పాటలు రికార్డు చేశాడు. ఫాల్గుణంలో ఒక ఆదివారం ఇద్దరికీ ఫోను చేసి రమ్మన్నాడు. మహిపాల్ వేములవాడ మీదుగా బస్సులో వచ్చాడు, కళావతి డ్యూటీకి సెలవు పెట్టి వచ్చింది. హన్మండ్లు వాళ్ళను పొలం దగ్గరికి తీసుకుపోయాడు. తండ్రి పోయినా ఆ తాటిచెట్లను హన్మండ్లు తమ్ముడు గీస్తున్నాడు. నీడలో చాప పరిచి, బ్యాటరీ పెట్టుకుని పాడే ఒక చిన్న సౌండుబాక్సు దాని మీద పెట్టాడు.

"తమ్మీ, చెల్లె, మీ ఇద్దరు ఇన్నంకనే దీన్ని బయటికి ఇడుస్త," అన్నాడు. "మంచిగలేకుంటే గీడనే బొంద పెడ్త. కోరుట్లల పెండ్లి జరిగినా, మనిషి సచ్చినా చెప్పేది నా గొంతే. రేపు ఈ గొంతు మీద నలుగురు నవ్విండ్రనుకో, నేను బతుకుడెట్ల?"

"మరి ఎట్లున్నదో ముఖం మీదనే చెప్తమన్నా," అన్నది కళావతి.

"వద్దు. నోటితోని చెప్పొద్దు," అన్నాడు హన్మండ్లు. గంగయ్య పద్ధతి అది. తాటాకు మడిచి చేసిన రేకలో కల్లు వంపేవాడు కాని, ఎలా ఉందని ఏనాడూ ఎవరినీ అడగలేదు. అడిగితే మనిషి మర్యాదకు బాగుందంటాడు, ఆ మాట దేనికీ పనికిరాదనేవాడు. ఒక రేక తాగినవాడు తనంతట తాను రెండోసారి రేక ముందుకు చాపితే ఆ చెట్టు మంచి చెట్టు. పట్టకుండా మూతి తుడుచుకుని లేస్తే, గంగయ్య ఏమీ అనకుండా ఆ కల్లు లొట్టి పక్కన పెట్టేసేవాడు. ఆ వాడకట్టులో ఇది అందరికీ తెలిసిన లెక్క. ఎంత మొహమాటస్తుడైనా బాగోలేని కల్లుకు రెండో రేక పట్టేవాడు కాదు, అది గీసినవాణ్ణి మోసం చేసినట్టు.

"ఇంకోపారి ఇనబుద్ధయితే అడుగుండ్రి. లేకుంటే సప్పుడు జేయకుండ లేసి పోదాం," అన్నాడు హన్మండ్లు.

ముందు ఆయన ఫోనులోంచి వేరేదేదో పెట్టాడు. స్టూడియోకు పోకముందు, ఇంట్లో మైకు పరీక్ష చేసుకుంటూ, అవే ఏడు పాటలు ఒక్కడే కూర్చుని పాడుకున్నాడట. గిటార్లు లేవు, డ్రమ్ములు లేవు, కేక లేదు. గొంతు బొంగురుగా, మెల్లగా, పక్కన కూర్చుని కష్టం చెప్పుకుంటున్న మనిషిలా ఉంది. కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకున్నది. మహిపాల్‌కు మాత్రం ఒళ్ళు మండింది. పాతికేళ్ళు ఎదురుచూసింది దీని కోసమా? ఒక్క నిమిషం కాకముందే, "గిదేందన్నా, ఏడుపు లెక్క? గా కేక ఏది? అసలుది పెట్టు," అన్నాడు.

హన్మండ్లు ఫోను ఆపి స్టూడియోలో చేసినది పెట్టాడు.

గిటార్లు మొదలైనప్పుడు మహిపాల్ ఒళ్ళు జలదరించింది. గొంతు అందుకునేసరికి అతని తల తనకు తెలియకుండానే పక్కకు వంగింది. గొంతు ఉండాల్సిన చోటుకు రావడం లేదు. ప్రతి ఎత్తు దగ్గరా కొంచెం ఆగి, వెనక నుంచి ఎవరో తోసినట్టు ఎక్కుతున్నది. మొదటి పాట చివర కేక వచ్చింది. నాలుగో సెకను దాకా అది హన్మండ్లు గొంతు. అక్కడ ఒక అతుకు. ఆ తర్వాత ఏడు సెకన్లు కంప్యూటరు లాగి పొడుగు చేసిన రేకుచప్పుడు. అతుకు దగ్గర వెంట్రుకవాసి సందుంది. ఇంకెవరికైనా వినబడకపోవచ్చునేమో, మహిపాల్‌కు వినబడింది. సాంచా అయితే వెంటనే వేలు చూపించేవాడు.

పాటలన్నీ అయిపోయాయి. కళావతి కాలితో నేల మీద పుల్లను కదుపుతూ కూర్చున్నది. హన్మండ్లు ఆమె వైపు చూడలేదు. మహిపాల్ వైపే చూస్తున్నాడు. ఆ చూపు మహిపాల్‌కు ఇప్పటికీ కనబడుతుంది. పంతొమ్మిదేళ్ళ వయసులో తనను నిలబెట్టిన మనిషి ఎదురుగా ఉన్నాడు, ఆ మనిషిని నేనెలా పడగొట్టేది అనుకున్నాడు. ఇది మంచి కారణమే. కాని దాని కింద ఇంకో కారణం కూడా ఉంది, అది అంత మంచిది కాదు. ఈ కేక పోయిందని ఒప్పుకుంటే తన పంతొమ్మిదేళ్ళు కూడా పోయినట్టే. దానికి అతను సిద్ధంగా లేడు.

"ఇంకోపారి పెట్టన్నా," అన్నాడు.

హన్మండ్లు ముఖం వెలిగింది. కళావతి చటుక్కున తలెత్తి మహిపాల్‌ను చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో ఆమె, "అన్నా, నీకు నిజంగనే మంచిగ అనిపించిందా?" అని అడిగింది. మహిపాల్ బస్సు వస్తున్నదేమోనని రోడ్డు వైపు చూశాడు. "నాకు అనిపించలే. అందుకే నేను అడగకపోతిని, నువ్వు అడిగితివి. ఇగ అన్న నీ మాటే పట్టుకుంటడు," అన్నది.

శ్రీరామనవమి మరునాడు ఆ ఏడు పాటలూ యూట్యూబులోకి వెళ్ళాయి. మొదటి రెండు రోజులు దండువాళ్ళే చూశారు. మస్కట్ ఆయన, "అన్నా, కండ్లల్ల నీళ్ళచ్చినయ్," అని రాశాడు. మల్లాపూర్ ఆయన, "పాతదే మంచిగుండె, అయినా ఫరవాలేదు," అని రాసి, మహిపాల్ కోప్పడితే తీసేశాడు. మూడోరోజు ఎవరో పిల్లలు ఆ కేక ఒక్కటీ కత్తిరించి, మిక్సీలో కొబ్బరిముక్క ఇరుక్కున్న బొమ్మ పక్కన పెట్టి వదిలారు. అది లక్షల మంది చూశారు. "తాత గొంతుల మిక్సీ ఏసిండ్రు" అని ఒకడు. "మా ఇంట్ల మోటరు కాలిపోయేటప్పుడు గిట్లనే ఒర్రింది" అని ఒకడు. "పెద్దమనిషి, జర నవ్వకుండ్రి" అని ఒక ఆడమనిషి రాస్తే, ఆమె మాట కిందే యాభైమంది నవ్వారు. మహిపాల్ షెడ్డు బయట టీ బండి దగ్గర నిలబడి ఒక్కొక్కడికీ జవాబు రాశాడు. ఒకడిని తిట్టాడు, ఒకడిని బతిమిలాడాడు, ఒకడికి హెవీ మెటల్ చరిత్ర చెప్పాడు. అతను జవాబు రాసినకొద్దీ అది ఇంకా పైకి పోయి ఇంకా నలుగురికి కనబడింది. ఈ సంగతి కళావతి ఫోను చేసి చెప్పేదాకా అతనికి తెలియదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. అతను అడుసుతోనే కాలు కడిగాడు.

కోరుట్లలో అది వీధుల్లోకి వచ్చింది. హన్మండ్లు ఆటో కనిపిస్తే చాలు, బడి నుంచి వచ్చే పిల్లలు మిక్సీలాగా అరిచేవాళ్ళు. హన్మండ్లు నవ్వేసి పోయేవాడు. పిల్లలు కదా అన్నాడు సాయవ్వతో. కాని వైశాఖంలో బజారులో ఒక పెద్ద దుకాణం వాళ్ళ తల్లి పోయింది. ఎప్పటిలాగే మైకు హన్మండ్లుదే. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఊరు తన చావులన్నీ ఆ గొంతులోనే విన్నది. ఎవరు పోయినా వాళ్ళ పేరు నిదానంగా చెప్పి, ఇంటిపేరు చెప్పి, ఎవరి తల్లో ఎవరి తండ్రో చెప్పి, పాడె లేచే వేళ చెప్పేవాడు. విన్నవాళ్ళు ఉన్నచోట నిలబడి చేతులు జోడించేవాళ్ళు. ఆ రోజు చౌరస్తాలో ఆయన "అంతిమయాత్ర" అనగానే చాయ్ హోటలు ముందు కుర్రాళ్ళు మిక్సీ కేక పెట్టారు. ఒకడు నవ్వితే పదిమంది నవ్వారు. అప్పుడే శవం దగ్గరికి దండలు తీసుకుపోతున్న ఆడవాళ్ళు ఆగి చూశారు.

మధ్యాహ్నం ఆ ఇంటి పెద్దకొడుకు వచ్చాడు. హన్మండ్లు చేతులు రెండూ పట్టుకున్నాడు. "అన్నా, ఏమనుకోకు. మా నాయిన పోయినప్పుడు నువ్వే చెప్పినవ్, మా అమ్మకు గూడ నువ్వే చెప్పాలె అనుకున్నం. కని ఇప్పుడు జనం నవ్వుతుండ్రే. ఇంకెవలితోనన్న చెప్పియ్యి," అన్నాడు. హన్మండ్లు సరేనన్నాడు. అప్పటికప్పుడు పక్క సెల్లు దుకాణంలోని సాయికుమార్‌ను పిలిచి, కాగితం మీద రాసిచ్చి చదివించి, ఆ రికార్డు ఆటోలో పెట్టుకుని తాను నోరు మూసుకుని నడిపాడు. ఆనాటి నుంచి ఆ ఆటోలో ఆయన గొంతు వినబడలేదు.

ఈ కబురు కళావతి ద్వారానే మహిపాల్‌కు తెలిసింది. అతను వెంటనే వెళ్ళలేదు. వెళ్ళలేకపోయాడు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూ వానలు పడేదాకా జాప్యం చేశాడు. పనిలో కూడా చెయ్యి ఆడలేదు. ఏ సాంచా దగ్గర తల వంచినా ఆ అతుకే వినబడేది. చివరికి మృగశిర కార్తెలో మిరుగు వానలు మొదలయ్యాక ఒక పొద్దున బస్సెక్కాడు.

సాయవ్వ తలుపు తీసి, "రా మరిదీ, చానా దినాలకు," అన్నది. నీళ్ళిస్తూ గొంతు తగ్గించింది. "మీ అన్న ఇంట్ల గూడ ఎక్కువ మాట్లాడుతలేడు. మనుమరాలు కథ చెప్పుమంటే నీ అమ్మమ్మతోని చెప్పిచ్చుకో అంటుండు. జర నువ్వన్న చెప్పు."

హన్మండ్లు ముందుగదిలో కింద కూర్చుని మైకు వైర్లు చుడుతున్నాడు. మహిపాల్‌ను చూసి పక్కన చోటు చూపించాడు. మహిపాల్ బస్సులో వల్లెవేసుకున్న మాటలేవీ నోటికి రాలేదు. తప్పు దిద్దే దారి ఒకటి తట్టిందని మాత్రం చెప్పాడు.

"అన్నా, గా రోజు ఫోన్ల పెట్టినవ్ గదా, మెల్లగ పాడింది. గది ఇడుద్దామే. గది మంచిగుండె. కళావతి గూడ గదే అంటది. గది ఇంటే నవ్విన నోళ్ళన్ని మూతపడ్తయ్."

"గది లేదు తమ్మీ."

"లేకపోవుడేంది?"

"గా దినమే తీసేసిన. నీకు ఒక్క నిమిషం గూడ ఇనబుద్ధి గాలే. ఎందుకు ఉంచుడు అనుకున్న."

మహిపాల్ మళ్ళీ పాడమని అడగబోయాడు, అడిగే ముఖం లేక ఆగిపోయాడు. "తప్పయిందన్నా నాతోని. నేను ఇంకోపారి పెట్టుమనకపోతే గిదంత కాకపోవు," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

హన్మండ్లు వైరు చుట్టడం ఆపలేదు. "నీదేం తప్పు? పొద్దుందాక సాంచల మోతల ఉండేటోనివి. ఇరువై ఐదేండ్లాయె. చెవులు మొద్దువారి ఉంటయ్. నీకు ఇనబడి ఉండదు," అన్నాడు.

ఆయన ఆ మాట ప్రేమతోనే అన్నాడు. మహిపాల్ తల ఊపితే చాలు, అక్కడితో అయిపోయేది. చాయ్ తాగి, కుశలమడిగి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోవచ్చు. ఊపుదామనే అనుకున్నాడు. కాని ఒకసారి చేసిన మోసం మీద ఇంకోటి పెట్టడానికి మనసు రాలేదు.

"ఇనబడ్డదన్నా," అన్నాడు. "మొదటి పాటలనే ఇనబడ్డది. కేకల అతుకు గూడ ఇనబడ్డది. అన్ని తెలిసే అన్న."

హన్మండ్లు చేతులు ఆగాయి. కోప్పడతాడని మహిపాల్ ఎదురుచూశాడు, నిజానికి తిడితే బాగుండుననుకున్నాడు. హన్మండ్లు వైరు చుట్టను పక్కన పెట్టి, మెల్లగా, ఆ రోజు ఫోనులో పాడిన గొంతుతోనే అన్నాడు.

"నాకు గూడ ఇనబడ్డది తమ్మీ. నా గొంతు నాకు ఎరుకుండదా? మీ వదినెను అడిగితే మంచిగున్నదంటది. స్టూడియో పిలగాడు గట్లనే అంటడు, వాని పని అది. నా అంతట నాకు వద్దనుకునే ధైర్యం లేకుండె. నువ్వయితే చెప్తవని నిన్ను పిలిచిన."

బయట వాన పెద్దదైంది. సాయవ్వ తెచ్చిన చాయ్ ఇద్దరి ముందూ చల్లారింది. కాసేపటికి హన్మండ్లు ఇంకో వైరు అందుకుని చుట్టడం మొదలుపెట్టాడు, మహిపాల్ దాని రెండో కొస పట్టుకుని కూర్చున్నాడు.